సిమాందూ: ఇనుప కొండ, 600 కిలోమీటర్ల రైలు, 28 ఏళ్ల బేరం

రోజుకు దాదాపు 11 వేల లారీలు. ఎనిమిది సెకన్లకు ఒకటి చొప్పున, రాత్రీ పగలూ, ఏడాది పొడవునా.

పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశంలో, ఆగ్నేయ మూలన, సిమాందూ అనే కొండల వరుస ఉంది. పొడవు 100 కిలోమీటర్ల పైమాటే. అక్కడ ఏడాదికి 12 కోట్ల టన్నుల ఇనుప ఖనిజం తవ్వాలని ప్లాన్. దాన్ని 30 టన్నుల లారీల్లో సముద్రం దాకా తోలాలంటే పడే లెక్క పైన చెప్పింది. ఏ రోడ్డూ అంత బరువు తట్టుకోదు. రైలు ఒక్కటే గతి. కొండ నుంచి గినీ తీరానికి రైలు మార్గం 600 కిలోమీటర్ల పైనే. ఆ చివర ఓడలకు ఎక్కించడానికి పోర్టు కూడా కొత్తగా కట్టుకోవాలి.

బ్రిటన్-ఆస్ట్రేలియా గనుల దిగ్గజం రియో టింటో కంపెనీకి ఈ కొండల్లో అన్వేషణ పర్మిట్లు దొరికింది 1997లో. గని, రైలు, పోర్టు మొదలైనట్టు ప్రారంభోత్సవం జరిగింది 2025 నవంబరులో. మధ్యలో 28 ఏళ్లు గడిచాయి. ఈలోగా గినీలో రెండు సైనిక తిరుగుబాట్లు వచ్చాయి, ప్రభుత్వాలు మారాయి, పర్మిట్లు రద్దయ్యాయి, మళ్లీ పుట్టాయి, ఖండాలు దాటి కోర్టు కేసులు నడిచాయి.

ఇదంతా అవినీతి వల్లే అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లు చాలామంది. అవినీతి ఉంది, చిన్నది కూడా కాదు, దాని సంగతి కింద చెబుతాను. కానీ అవినీతి ఒక్కటే కారణమైతే, లంచం ఇచ్చినవాడి పనైనా జరిగి ఉండాలి కదా. అదీ జరగలేదు. ఇన్నేళ్లూ అందరి కాళ్లకూ అడ్డం పడింది ఆ రైలు. దాన్ని ఎవరు కట్టాలి, ఎటు వెయ్యాలి, కట్టాక తాళం ఎవరి చేతిలో ఉండాలి అన్నది తేలనంతకాలం కొండ ఎవరిదైనా ఒకటే.

దారి లేని నిధి

బంగారం గని మారుమూల ఉన్నా ఫర్వాలేదు. నెలకో రెండు నెలలకో చిన్న విమానం దిగి కడ్డీలు తీసుకుపోతుంది. ఇనుప ఖనిజం అలా కాదు. ఈమధ్య కాలంలో టన్ను ధర అటూఇటూగా 100 డాలర్ల దగ్గర తిరుగుతోంది. అంటే కిలోకు పది సెంట్లు. అంత చవకైన సరుకును లక్షల టన్నుల్లో తరలిస్తేనే గిట్టుబాటు. కాబట్టి మారుమూల ఇనుప గనిలో పెట్టుబడి చాలావరకు తవ్వకానికి కాదు, మోతకే పోతుంది.

సిమాందూ ఖనిజం మామూలుది కాదు. ఇనుము శాతం 65 పైనే. ఇంత మంచి రకం వాడితే బ్లాస్ట్ ఫర్నేస్‌లో (ఖనిజం కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిమిలో) బొగ్గు తక్కువ పడుతుంది, కాలుష్యమూ తగ్గుతుంది, అందుకే దానికి ఎక్కువ ధర ఇస్తారు. కొండలో ఉన్న నిల్వ వందల కోట్ల టన్నుల్లో ఉంటుంది. ఇన్ని ఉన్నా అన్నేళ్లు కదలకుండా పడి ఉంది. గనులు, రైలు, పోర్టు కలిపి ఖర్చు 2,000 కోట్ల డాలర్లు దాటుతుందని అంచనా. గినీ దేశంలో ఏడాది పొడవునా జరిగే ఆర్థిక వ్యవహారం మొత్తం కలిపినా దాదాపు అంతే ఉంటుంది. ప్రభుత్వం సొంతంగా కట్టలేదు. కంపెనీ కట్టాలంటే ముప్ఫై నలభై ఏళ్లకు భరోసా అడుగుతుంది. ఎన్నికలు సరిగా జరగని దేశంలో ఆ భరోసాకు పూచీ ఎవరు?

గనుల బేరాల్లో పాతుకుపోయిన సమస్య ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. పెట్టుబడి పెట్టకముందు పైచెయ్యి కంపెనీదే. "మాకు నచ్చకపోతే ఇంకో దేశం చూసుకుంటాం" అనగలదు. అందుకని పన్ను రాయితీలు, చట్టం మారినా తమకు వర్తించకూడదనే షరతులు రాయించుకుంటుంది. డబ్బంతా పట్టాల్లోకీ సొరంగాల్లోకీ పోయాక సీన్ తిరగబడుతుంది. పట్టాలు పీక్కుని ఇంకో దేశం పోలేరు. అప్పుడు ప్రభుత్వం "ఆ రోజు మా చేత తక్కువకు రాయించుకున్నారు, మళ్లీ మాట్లాడుకుందాం" అంటుంది. రెండు పక్షాలకూ ఈ సంగతి మొదటి రోజు నుంచే తెలుసు. తర్వాత బిగిస్తారని కంపెనీ ముందే ఎక్కువ లాగుతుంది. ఎక్కువ లాగారు కాబట్టి ప్రభుత్వం తర్వాత బిగిస్తుంది. ఒకరి భయం ఇంకొకరి భయాన్ని నిజం చేస్తుంది. రైలు ఎంత పొడవైతే ఈ ముడి అంత గట్టిగా బిగుస్తుంది, ఎందుకంటే అంత డబ్బు నేలలో ఇరుక్కుపోతుంది.

కొండను రెండుగా కోశారు

గనుల హక్కుల కోసం ఈ కొండల వరుసను నాలుగు బ్లాకులుగా విడగొట్టారు. రియో టింటోకు 2006లో నాలుగు బ్లాకుల మీదా గనుల హక్కు వచ్చింది. రెండేళ్లకు, 2008లో, అధ్యక్షుడు లాన్సానా కాంటే ప్రభుత్వం ఉత్తరం వైపున్న 1, 2 బ్లాకులు వెనక్కి తీసుకుంది. కంపెనీ పని చెయ్యకుండా కొండ మీద కూర్చుందన్నది ప్రభుత్వ ఆరోపణ. ఆ ఏడాది డిసెంబరులో ఆ రెండు బ్లాకులను ఇజ్రాయెల్ వ్యాపారి బెనీ స్టైన్‌మెట్జ్‌కు చెందిన బీఎస్‌జీఆర్‌కు ఇచ్చారు. ఆ తర్వాత రెండు వారాలకే కాంటే చనిపోయాడు, మరునాడే సైన్యం అధికారం లాక్కుంది.

2010 ఏప్రిల్‌లో బీఎస్‌జీఆర్ గినీ ఆస్తుల్లో 51 శాతం వాటా కొనడానికి బ్రెజిల్ కంపెనీ వాలే 250 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. అందులో 50 కోట్లు ముందే చెల్లించింది. ఒక్క టన్ను తవ్వకముందే, ఒక్క పట్టా వెయ్యకముందే, కాగితం మీది హక్కు చేతులు మారి ఇంత డబ్బు పలికింది. ఆ డబ్బులో గినీ ప్రజల ఖజానాకు చేరిందేమీ లేదు. పేద దేశాల గనుల్లో నాకు బాగా కోపం తెప్పించే విషయం ఇదే. దోపిడీ అంటే మనకు ఓడల్లో ఖనిజం తరలిపోతున్న బొమ్మ గుర్తొస్తుంది. ఇక్కడ ఖనిజం కదల్లేదు, హక్కు పత్రమే కదిలింది.

2010 చివర్లో ఎన్నికల్లో గెలిచిన అల్ఫా కోండే పాత గనుల ఒప్పందాలన్నీ తిరిగి పరిశీలించడానికి కమిటీ వేశాడు. 2011లో కొత్త గనుల చట్టం వచ్చింది. 2013లో గినీ ప్రభుత్వం తన గనుల ఒప్పందాలను ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకునేలా పెట్టేసింది. అప్పటికి చాలా దేశాలు చెయ్యని పని అది. బీఎస్‌జీఆర్ హక్కులు లంచాలతో వచ్చాయని కమిటీ తేల్చడంతో 2014 ఏప్రిల్‌లో వాటిని రద్దు చేశారు. మాజీ అధ్యక్షుడి భార్యల్లో ఒకరికి డబ్బు ముట్టిందన్నది ఆరోపణల్లో ప్రధానమైంది. 2021లో జెనీవా కోర్టు స్టైన్‌మెట్జ్‌ను విదేశీ అధికారులకు లంచమిచ్చిన నేరంలో దోషిగా తేల్చి అయిదేళ్ల జైలు వేసింది. 2023లో అప్పీలు కోర్టు దోషి అన్న తీర్పు ఉంచి శిక్షను మూడేళ్లకు తగ్గించింది. తాను తప్పు చెయ్యలేదనే ఆయన వాదించాడు.

రియో టింటో చేతులూ మట్టి అంటకుండా లేవు. మిగిలిన 3, 4 బ్లాకుల మీద తన హక్కు ఖాయం చేసుకోవడానికి 2011 ఏప్రిల్‌లో గినీ ప్రభుత్వానికి 70 కోట్ల డాలర్లు కట్టింది. ఆ సెటిల్‌మెంటు బహిరంగమే. కానీ దాని వెనక అధ్యక్షుడికి దగ్గరవాడైన ఒక ఫ్రెంచ్ కన్సల్టెంటుకు 1.05 కోట్ల డాలర్లు ఇచ్చిన సంగతి 2016లో బయటికొచ్చింది. ఈ కేసును అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీతో 2023లో 1.5 కోట్ల డాలర్లు కట్టి ముగించుకుంది. తప్పు ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

అవినీతి కథ ఇంతవరకు. ఇందులో ఎక్కువమంది పట్టించుకోని సంగతి ఏమిటంటే, కొండను రెండుగా కొయ్యడంతో రైలు సమస్య రెట్టింపైంది. ఇప్పుడు గనులు రెండు, కట్టగలిగే రైలు ఒకటే. మొదట కట్టినవాడు రెండోవాడికి దారి ఇవ్వాలా? ఇస్తే ఎంత కిరాయికి? రెండోవాడు ఖర్చు పెట్టకుండా కూర్చుని, రైలు పూర్తయ్యాక వచ్చి ఎక్కితే? ఎవరికి వారు ఎదుటివాడు మొదలుపెట్టాలని చూశారు.

లైబీరియా వైపా, గినీ వైపా

మ్యాప్ ముందేసుకుని చూస్తే సిమాందూ నుంచి సముద్రానికి దగ్గర దారి గినీలో లేదు. దక్షిణాన పక్క దేశం లైబీరియా మీదుగా బుకానన్ పోర్టుకు పోతే దూరం బాగా తగ్గుతుంది. అక్కడ పాత ఖనిజ రైలు మార్గం కూడా ఉంది. కంపెనీల లెక్కలన్నీ అటే మొగ్గుతాయి. వాలే, బీఎస్‌జీఆర్ తమ ఖనిజాన్ని లైబీరియా మీదుగానే పంపాలనుకున్నాయి. దానికి బదులుగా గినీ రాజధాని కొనాక్రీ నుంచి కాంకాన్ ఊరికి వెళ్లే పాత ప్రయాణికుల రైలు మార్గాన్ని బాగుచేసి ఇస్తామన్నాయి.

గినీ ప్రభుత్వాలు మాత్రం చివరికి ఒక్క మాట మీదే నిలబడ్డాయి: రైలు గినీ గుండానే పోవాలి, పోర్టు గినీలోనే ఉండాలి. ఖర్చు లెక్కలు వేసేవాళ్లు దీన్ని మొండిపట్టు అన్నారు. వందల కోట్ల డాలర్లు ఎక్కువ పెట్టి వంకర దారి ఎందుకని అడిగారు. ఆ వాదనలో బలం లేకపోలేదు. ఖర్చు పెరిగిన కొద్దీ లాభం తగ్గుతుంది, పన్నూ తగ్గుతుంది.

కానీ నేను గినీ పక్షమే. కొండ ఎప్పటికైనా కరిగిపోతుంది. ఖనిజం లైబీరియా మీదుగా పోయి ఉంటే గినీకి మిగిలేది ఆగ్నేయ మూలన ఒక గుంత, బ్యాంకులో కొంత డబ్బు. తీరం నుంచి అడవి దాకా దేశాన్ని అడ్డంగా కలిపే రైలు మార్గం మిగిలితే, గని మూతపడ్డాక కూడా దాని మీద ధాన్యం పోతుంది, కలప పోతుంది, మనుషులు పోతారు. గినీకి బాక్సైట్ (అల్యూమినియం తీసే ఖనిజం) అనుభవం ఉంది. ప్రపంచంలో అతి పెద్ద బాక్సైట్ నిల్వలు ఆ దేశానివే. దశాబ్దాలుగా అది ముడి రూపంలోనే ఓడలెక్కింది. దాన్ని శుద్ధి చేసి అల్యూమినా తయారుచెయ్యడం దాదాపు లేనట్టే. 1958లో ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం తెచ్చుకున్న దేశం ఇంకా ముడి సరుకు అమ్ముకునే దేశంగానే ఉండిపోయింది. ఇనుముతో కూడా అదే జరగకూడదన్న పట్టుదల వెనక ఆ చేదు ఉంది.

కంపెనీలకు తొందరెందుకు లేదు

రియో టింటోకు ఆస్ట్రేలియాలో పిల్బరా గనులు ఉన్నాయి. వాలేకు బ్రెజిల్‌లో కరజాస్ ఉంది. ప్రపంచ మార్కెట్లో ఇనుప ఖనిజం అమ్మేవాళ్లలో ముందు వరసలో ఉన్నవాళ్లు వీళ్లే. సిమాందూ నుంచి ఏటా 12 కోట్ల టన్నులు మార్కెట్లోకి వస్తే ధర తగ్గుతుంది, వాళ్ల పాత గనుల లాభానికే గండి పడుతుంది. అలాంటి కంపెనీకి సిమాందూ పర్మిట్ చేతిలో ఉండటమే ఒక లాభం. తవ్వకపోయినా ఇంకొకరు తవ్వకుండా ఆపగలదు. వాళ్లు కావాలనే ఆపారని నేను అనడం లేదు. ఆపితే వాళ్లకు నష్టం లేదు అంటున్నాను. బేరంలో ఆ తేడా చాలు. ఒక పక్షానికి ప్రతి ఏడూ నష్టమే, ఇంకో పక్షానికి కాలం ఖర్చు లేని సరుకు.

దానికి తోడు ధర ఊగిసలాట. 2011 మొదట్లో టన్ను 190 డాలర్ల దాకా పోయిన ఇనుప ఖనిజం 2015 చివరికి 40 కిందికి పడింది. రియో టింటో సిమాందూ విలువలో 100 కోట్ల డాలర్లకు పైగా తన పద్దుల్లోంచి కొట్టేసింది. 2016లో తన వాటాను చైనా ప్రభుత్వ కంపెనీ చినాల్కోకు అమ్మేసి బయటపడాలని చూసింది. ఆ అమ్మకం 2018లో మురిగిపోయింది.

పరిస్థితిని తిప్పేసింది చైనా అవసరం. సముద్ర మార్గాన అమ్ముడయ్యే ఇనుప ఖనిజంలో దాదాపు మూడొంతులు కొనేది చైనా. కొనేది మాత్రం ఎక్కువగా ఆస్ట్రేలియా, బ్రెజిల్ దేశాల నుంచి. ఆస్ట్రేలియాతో సంబంధాలు చెడుతున్న రోజుల్లో ఇంకో దిక్కు ఉండటం చైనాకు వ్యాపారాన్ని మించిన విషయం. 2019లో బీఎస్‌జీఆర్ సెటిల్‌మెంటు చేసుకుని పక్కకు తప్పుకున్నాక, 1, 2 బ్లాకుల టెండరును అదే ఏడాది నవంబరులో ఎస్‌ఎంబీ-విన్నింగ్ అనే కూటమి గెలిచింది. గినీ బాక్సైట్‌ను చైనాకు ఎగుమతి చేస్తూ ఎదిగిన కూటమి అది. ఆ తర్వాత చైనా ఉక్కు దిగ్గజం బావూ వచ్చి చేరింది. ఇప్పుడు రైలుకు తొందరపడే పక్షం ఒకటి మొదటిసారి బల్ల ముందు కూర్చుంది.

తాళం ఎవరి చేతిలో

2021 సెప్టెంబరులో సైన్యం అల్ఫా కోండేను దించేసింది. కల్నల్ మామాడి దూంబూయా అధికారంలోకి వచ్చాడు. సైనిక ప్రభుత్వాన్ని నేను మెచ్చుకోను. బలవంతంగా వచ్చినవాళ్లు చేసుకున్న ఒప్పందాలకు ప్రజల మద్దతు ఉందని చెప్పలేం, రేపు వచ్చే ప్రభుత్వం వాటిని తిరగదోడదన్న హామీ కూడా లేదు. కానీ రైలు విషయంలో వాళ్లు వేసిన ఎత్తు పారింది, ఆ మాట ఒప్పుకోవాలి.

2022 మార్చిలో సిమాందూలో పనులన్నీ ఆపమని ఆదేశం ఇచ్చారు. రెండు కంపెనీలూ ఎవరి రైలు వాళ్లు కాదు, కలిసి ఒకటే కట్టాలి, అందులో ప్రభుత్వానికి వాటా ఉండాలి అన్నారు. రెండు వారాల్లో ప్రాథమిక ఒప్పందం కుదిరింది. కంపెనీలు వివరాల దగ్గర మళ్లీ నానుస్తుంటే జులైలో రెండోసారి పనులు ఆపించారు. ఆ నెలాఖరుకు కంపాన్యీ డ్యూ ట్రాన్స్‌గినీన్ అనే ఉమ్మడి సంస్థ పుట్టింది. రియో టింటో పక్షానికి 42.5 శాతం, విన్నింగ్ పక్షానికి 42.5 శాతం, గినీ ప్రభుత్వానికి డబ్బు పెట్టకుండానే 15 శాతం. పూర్తి ఒప్పందాలు 2023 ఆగస్టులో, చివరి అనుమతులు 2024 జులైలో వచ్చాయి.

15 శాతం చిన్న వాటాలా కనిపిస్తుంది. దీని బరువు తెలియాలంటే ఒక టన్ను ఖనిజం వెంట కొండ నుంచి ఓడ దాకా నడిచి చూడాలి.

టన్ను కొండ దగ్గర వ్యాగన్ ఎక్కింది. 600 కిలోమీటర్లు పోయి పోర్టులో దిగింది. ఆ మోతకు గని కంపెనీ రైలు సంస్థకు కిరాయి కట్టాలి. రైలు కూడా గని కంపెనీ సొంతమే అయితే ఆ కిరాయి కుడి జేబు నుంచి ఎడమ జేబుకు మారే డబ్బు. కిరాయి టన్నుకు 20 డాలర్లని రాసినా, 40 అని రాసినా కంపెనీకి మొత్తం మీద తేడా రాదు. ప్రభుత్వానికి మాత్రం చాలా తేడా. 40 అని రాస్తే గని లాభం పద్దులో 20 డాలర్లు తగ్గిపోతాయి, గని లాభం మీద పన్నూ అంతే తగ్గుతుంది. లాభం రైలు సంస్థకు చేరుతుంది. దాని మీద పన్ను రాయితీ గనక ఉంటే ఆ డబ్బు మళ్లీ కంటికి కనబడదు. (20, 40 అన్నవి లెక్క అర్థం కావడానికి నేను పెట్టిన అంకెలు.) రైలు సంస్థ బోర్డులో ప్రభుత్వ మనిషి కూర్చుంటే ఆ కిరాయి ఎలా లెక్కగట్టారో కనీసం చూడగలడు. 2022లో రెండుసార్లు పనులు ఆపించి మరీ కొట్లాడింది ఆ కుర్చీ కోసమే. రేపు మూడో కంపెనీ పక్క కొండలో ఇంకేదైనా తవ్వితే ఈ రైలు వాడుకోగలుగుతుందా లేదా అన్నది కూడా ఆ బోర్డు గదిలోనే తేలుతుంది.

ఉచిత వాటా, అప్పు వాటా

ప్రభుత్వ వాటా అనగానే జనం సంతోషిస్తారు. "గనిలో మనకూ భాగం ఉంది" అన్న మాట ఎన్నికల సభలో బాగా పేలుతుంది. ఆ వాటా ఎలా వచ్చిందో అడగాలి. దీనికి మంగోలియాను మించిన పాఠం లేదు.

గోబీ ఎడారి దక్షిణాన, చైనా సరిహద్దుకు 80 కిలోమీటర్ల దూరంలో, ఒయు తోల్గోయ్ అనే రాగి, బంగారం గని ఉంది. 2009 అక్టోబరులో ఇవాన్‌హో మైన్స్, రియో టింటోలతో మంగోలియా ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం ప్రభుత్వానికి 34 శాతం, కంపెనీ పక్షానికి 66 శాతం. పెట్టుబడిలో తన 34 శాతం పెట్టడానికి ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. కంపెనీయే అప్పుగా పెట్టింది, వడ్డీకి. డివిడెండు (లాభంలోంచి వాటాదారులకు పంచే డబ్బు) వచ్చినప్పుడు ఆ అప్పు కిందికి జమ అవుతుంది.

వడ్డీ సంగతి ఇంట్లో అప్పు చేసినవాళ్లెవరికైనా తెలుసు. ఏడాదికి 9 శాతం చక్రవడ్డీకి 100 తీసుకుని ఏమీ కట్టకుండా పదేళ్లు ఊరుకుంటే 237 అవుతుంది. ఒయు తోల్గోయ్‌లో జరిగింది అలాంటిదే. భూగర్భ గని పనులు 2013లో ఆగిపోయాయి. ఖర్చు అంచనా దాటిందని ప్రభుత్వం, ఒప్పందం ఒప్పందమేనని కంపెనీ. ప్రతిష్టంభన ఎంత దూరం పోయిందంటే 2015 మొదట్లో ప్రధాని సైఖాన్‌బిలెగ్ దేశ ప్రజలను ఎస్సెమ్మెస్ ద్వారా అడిగాడు: పెద్ద గనులతో ముందుకు పోదామా, పొదుపు బాట పడదామా అని. జవాబిచ్చినవాళ్లలో ఎక్కువమంది గనులకే మొగ్గారు. ఆ ఏడాది మేలో దుబాయ్‌లో రాజీ కుదిరింది. 2019కి భూగర్భ గని ఖర్చు మళ్లీ 100 కోట్ల డాలర్లకు పైగా పెరిగింది, పనీ ఆలస్యమైంది. గని ఖర్చు పెరిగితే ప్రభుత్వ అప్పూ పెరుగుతుంది. యజమాని హోదా ఉంది, చేతికి డబ్బు రాదు. దశాబ్దాల తరబడి డివిడెండు కళ్ల చూడలేమన్న లెక్క బయటపడ్డాక దేశంలో కోపం కట్టలు తెంచుకుంది. చివరికి 2022 జనవరిలో ఆ 240 కోట్ల డాలర్ల అప్పును కంపెనీ పూర్తిగా మాఫీ చేసింది. అప్పుడే భూగర్భ గని పని ముందుకు కదిలింది.

మంగోలియా తప్పులు లేవని కాదు. 2006లో ఆ దేశ పార్లమెంటు, రాగి ధర టన్నుకు 2,600 డాలర్లు దాటితే పై లాభం మీద 68 శాతం పన్ను అంటూ హడావిడిగా చట్టం చేసింది. పెట్టుబడి పెట్టేవాళ్లు బెదిరిపోయారు. 2009లో ఒప్పందం కుదరాలంటే ఆ చట్టం రద్దు చెయ్యక తప్పలేదు. ఇల్లు కట్టకముందే అద్దె పెంచినట్టయింది అది.

అందుకే నా లెక్కలో మారుమూల గనిలో ప్రభుత్వం మొదట పట్టుబట్టాల్సింది రాయల్టీ మీద, అంటే అమ్మిన ఖనిజం విలువలో ఇంత శాతమని ప్రభుత్వానికి కట్టే డబ్బు మీద. వాటా ద్వారా వచ్చే డివిడెండు అన్ని ఖర్చులూ, అన్ని అప్పులూ పోయాక మిగిలిన దాంట్లోంచి వస్తుంది. మిగలలేదని కంపెనీ పద్దు చూపిస్తే చేసేదేమీ లేదు. రాయల్టీ మొదటి టన్ను నుంచే వస్తుంది. లాభమా నష్టమా అన్న వాదన ఉండదు. రెండు అంకెలు సరిగ్గా ఉంటే చాలు: ఎన్ని టన్నులు, టన్ను ఎంతకు.

ఆ రెండో అంకె దగ్గర సిమాందూలో అసలు టెన్షన్ ఇప్పుడే మొదలవుతుంది. ఖనిజం తవ్వేవాళ్లలో వాటాదారులైన చైనా కంపెనీలే దాన్ని కొనే ఉక్కు ఫ్యాక్టరీలు కూడా. అమ్మేవాడూ కొనేవాడూ బంధువులైతే ధర తక్కువ రాసుకోవడం తేలిక. మొత్తంలో సగం, అంటే 6 కోట్ల టన్నుల మీద టన్నుకు 10 డాలర్లు తగ్గించి రాస్తే ఏడాదికి 60 కోట్ల డాలర్లు పద్దులోంచి మాయం. 65 శాతం ఇనుమున్న రకానికి అంతర్జాతీయ ధరల సూచీ విడిగా ఉంది. ఒప్పందంలో ధర ఆ సూచీకి కట్టేసి ఉందా, ఏ రోజు ధర తీసుకుంటారు, తేమ బరువు ఎలా తీసేస్తారు, ఓడ కిరాయి ఎంత కోస్తారు అన్నవి చూడటానికి కెమిస్టులు, ఆడిటర్లు కావాలి. పోర్టు దగ్గర నమూనా తీసి పరీక్షించే సొంత ల్యాబ్ ఉన్న ప్రభుత్వం, కంపెనీ ఇచ్చిన కాగితం నమ్మే ప్రభుత్వం ఒకటి కావు.

కొండ కింద ఉన్నవాళ్లు

ఈ చర్చలు జరిగిన గదుల్లో లేనివాళ్లు ఒకరున్నారు. రైలు మార్గం పొడవునా ఊళ్లు, పొలాలు ఉన్నాయి. రియో టింటో బ్లాకుల్లో పిక్ ద ఫోన్ అనే రక్షిత అడవి ఉంది. అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న పశ్చిమ ఆఫ్రికా చింపాంజీలు అక్కడ ఉంటాయి. గోబీలో పశువుల కాపరుల అనుభవం ఇక్కడివాళ్లకు పనికొస్తుంది. ఒయు తోల్గోయ్ కోసం ఉందాయ్ నదిని దారి మళ్లించారు. మేత భూములు, నీళ్లు పోతున్నాయని కాపరులు 2012, 2013ల్లో ప్రపంచ బ్యాంకు కుటుంబంలోని ఐఎఫ్‌సీకి సంబంధించిన ఫిర్యాదుల విభాగం దగ్గరికి వెళ్లారు. ఆ ప్రాజెక్టుకు అప్పు ఇచ్చినవాళ్లలో ఐఎఫ్‌సీ ఒకటి కాబట్టి కంపెనీ వినక తప్పలేదు. కాపరులు, స్థానిక ప్రభుత్వం, కంపెనీ కలిసి కూర్చుని 2017లో ఒప్పందాలకు వచ్చారు. అప్పిచ్చినవాడి గుమ్మం తట్టడం అక్కడ పనిచేసింది.

గినీ చట్టంలో ఊళ్ల కోసం ఒక ఏర్పాటు ఉంది. ఇనుము, బాక్సైట్ గనులు తమ అమ్మకాల్లో 0.5 శాతం స్థానిక అభివృద్ధి నిధికి కట్టాలి. లాభంలో కాదు, అమ్మకాల్లో. ఆ ఒక్క పదం చాలా విలువైంది, పైన చెప్పిన పద్దుల మాయ దీన్ని అంతగా తాకదు. టన్ను 100 డాలర్లనుకుంటే, 12 కోట్ల టన్నుల మీద ఏడాదికి 6 కోట్ల డాలర్లు. గని పక్క మండలాలకు అది మామూలు డబ్బు కాదు. ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, ఎవరి సంతకంతో ఖర్చవుతుంది అన్నది గ్రామ సభల్లో ఇప్పుడే తేలాలి, డబ్బు రావడం మొదలయ్యాక కాదు.

ఉద్యోగాల మాట కూడా ముందే చెప్పాలి. పట్టాలు వేసేటప్పుడు, వంతెనలు కట్టేటప్పుడు వేలాది మందికి పని దొరికింది. గని నడవడానికి అందులో చిన్న భాగం మందే చాలు. పని అయిపోయి తిరిగొస్తున్న కుర్రాళ్లకు చేతిలో వెల్డింగ్, డ్రైవింగ్ లాంటి పనితనం ఉంది, ఊళ్లో దాన్ని వాడుకునే పని లేదు.

మిగిలిన బేరం ఒకటుంది. ఈ రైలు ఖనిజంతో పాటు సరుకులూ మనుషులనూ మోయాలన్నది ప్రభుత్వం పెట్టిన షరతు. ఖనిజ రైళ్లు చాలా పొడవుగా ఉంటాయి, బరువుగా ఉంటాయి. వాటి మధ్య ప్రయాణికుల బండికి దారి ఇవ్వాలంటే లూప్ లైన్లు (ఒక బండి పక్కకు తప్పుకునే పట్టాలు) కావాలి, సిగ్నళ్లు కావాలి, ఖనిజ రైలు ఆగి చూడాలి. ఆగిన ప్రతి గంటకూ ఒక ధర ఉంది. వారానికి ఎన్ని ప్రయాణికుల బండ్లు, ఏ ఊళ్లో స్టేషను, ఆగిన గంట ఖర్చు ఎవరి పద్దులో పడాలి అన్నవి ట్రాన్స్‌గినీన్ బోర్డు ముందు ఇంకా ఒక్కొక్కటిగా తేలాల్సినవే. ప్రభుత్వం తన 15 శాతం కుర్చీని వాడాల్సిన మొదటి చోటు అదే.